మట్టల అన్నమ్మ

బియ్యం కడిగిన నీళ్ళను అన్నమ్మ ఏనాడూ తూములో పారబొయ్యలేదు. గిన్నె నడుముకు ఆనించుకుని, మోచేత్తో పెరటి తలుపు నెట్టి, గడప దిగి, ఈతచెట్టు మొదట్లో చుట్టూ తిరిగి పోసేది. పోశాక గిన్నె అంచును మాను మీద రెండుసార్లు తట్టేది. అడుగున అంటుకున్న నూకలు రాలేవి. వాటి కోసం పిచ్చుకలు అప్పటికే వచ్చి కూర్చునేవి.

ఇప్పుడు చెట్టు లేదు. అయినా గిన్నె నడుముకెక్కుతుంది. మోచెయ్యి తలుపు నెడుతుంది. ఎదురుగా మేడ మీదికి సిమెంటు మెట్లు, వాటి వెనక సగం లేచిన ఇటుక గోడ. అన్నమ్మ కాసేపు నిలబడి, నీళ్ళు మెట్ల పక్క సన్నటి కాలువలోకి వంపి, గిన్నె అంచును మొదటి మెట్టు మీద రెండుసార్లు తడుతుంది. స్టీలు సిమెంటు మీద మోగుతుంది.

"ఏటత్తయ్యా, ఏదైనా పడిందా?" లోపలి నుంచి కోడలు వినీల అడుగుతుంది.

"ఏటీ నేదు," అంటుంది అన్నమ్మ.

అన్నమ్మ రైల్వే ఆస్పత్రిలో ఆయాగా చేసి రిటైరైన మనిషి. భర్త జ్ఞానరత్నం వర్క్‌షాపులో ఫిట్టరు. అతని తాత శ్రీకాకుళం వైపు నుంచి పట్టాలు వేసే కూలీగా ఖరగ్‌పూర్ వచ్చాడు. అప్పటి నుంచి వాళ్ళ వంశంలో అందరూ ఓల్డ్ సెటిల్‌మెంట్ క్వార్టర్లలోనే పుట్టారు, అక్కడే పెళ్ళాడారు. కానీ క్వార్టరు రైల్వేది. రిటైరైన మనిషి తాళంచెవి అప్పగించి బయటికి నడవాలి. అది ముందే తలచుకుని జ్ఞానరత్నం, ఊళ్ళోని ఇందా అనే పేట చివర ఇంకా వరి పండుతున్న రోజుల్లోనే అయిదు కాఠాల నేల, అంటే నాలుగు వందల గజాలు, కొన్నాడు. చూడటానికి వెళ్ళిన రోజు గట్టు మీద ఈతచెట్టు కనిపించింది. మాను నిండా గాట్లు. ఏటేటా చలికాలంలో రసం తీసేవాళ్ళు కోసిన గాట్లు, ఒక ఏడు ఇటు, ఒక ఏడు అటు. జ్ఞానరత్నం నేలను చూడలేదు, చెట్టునే చూశాడు.

"ఇది కొందామే," అన్నాడు. "మట్టల ఆదివారానికి ఇంకెవుల్నీ అడుక్కోనక్కర్నేదు."

ఈస్టరుకు ముందు వచ్చే ఆదివారం సంఘమంతా ఈత మట్టలు పట్టుకుని, హోసన్నా అని పాడుకుంటూ సెటిల్‌మెంటు వీధుల్లో తిరిగి చర్చికి చేరతారు. ప్రభువు గాడిద పిల్ల నెక్కి పట్నంలోకి వచ్చిన రోజు అది. సెటిల్‌మెంటులో వేపలున్నాయి, మామిళ్ళున్నాయి. ఈతచెట్టు లేదు. అంతకుముందు ఏటేటా ఎవరో ఒకరు పల్లెలకు పోయి, బతిమాలి తెచ్చేవారు. జ్ఞానరత్నం ఇల్లు కట్టుకున్న ఏడు నుంచి ఆ బాధ తీరింది. శనివారం మధ్యాహ్నం కుర్రాళ్ళు సైకిళ్ళ మీద కత్తులు పట్టుకుని వచ్చేవారు. ఒకడు ఎక్కి కోసేవాడు, మిగిలినవాళ్ళు కింద కూర్చుని మట్టల మొదళ్ళ ముళ్ళు చెక్కేవారు. అన్నమ్మ ఉల్లిపాయ, పచ్చిమిరప, ఆవనూనె వేసి మరమరాలు కలిపేది. టీ పెట్టేది. ఆస్పత్రి అలవాటుకొద్దీ టింక్చరు సీసా, దూది తెచ్చి అరుగు మీద పెట్టేది. ముల్లు గుచ్చుకున్నవాడల్లా వేలు చాపేవాడు.

సంఘంలో అన్నమ్మలు చాలామంది. కుట్టుమిషను అన్నమ్మ ఉంది, పొడుగు అన్నమ్మ ఉంది. ఈమె మట్టల అన్నమ్మ. ఆదివారం పొద్దున చర్చి గేటు దగ్గర నిలబడి ఒక్కొక్కరికీ మట్ట అందించే పని ఆమెదే. ఎవరూ ఇవ్వలేదు ఆ పనిని. చెట్టుతో పాటు వచ్చింది.

ఇందా మారడం అన్నమ్మ వరండాలో కుర్చీ వేసుకుని చూసింది. ఎదుటి చెరువును ముందు చెత్తతో పూడ్చారు, తరువాత మట్టితో, ఆ తరువాత దాని మీద ఇల్లు లేచింది. బాతులు కొన్నాళ్ళు వచ్చి, ఆ ఇంటి చుట్టూ తిరిగి వెళ్ళిపోయాయి. అన్నదమ్ములు స్థలాన్ని రెండు చేశారు, వాళ్ళ కొడుకులు నాలుగు చేశారు. ఒకరి కిటికీ రెక్క తెరిస్తే పక్కింటి గోడకు కొట్టుకుంటుంది. ఒక ఇంట్లో చేపలు వేయిస్తే మూడిళ్ళలో కళ్ళు మండుతాయి. వానాకాలంలో నీరు, ఇంకడానికి నేల లేక, వీధిలోనే నిలబడుతుంది. వీధిలో గొడ్డలి చప్పుడు వినబడ్డప్పుడల్లా అన్నమ్మ వరండాలోంచి, తనకొచ్చిన ఆస్పత్రి బెంగాలీలో, అందరికీ వినబడేట్టు అనేది: "కొట్టండి, కొట్టండి. రేపు నీడ కావాలంటే ఇటుకల్ని అడుక్కోండి."

ఆ మాట ఇప్పుడు ఆమెకు రోజూ గుర్తొస్తుంది.

నేల అమ్మడానికి కారణం ఉంది. జ్ఞానరత్నం జబ్బున పడ్డప్పుడే పక్కవైపు రెండు కాఠాలు పోయాయి. ఆయనా పోయాడు. మిగిలిన దాంట్లో ముందు ఇల్లు, వెనక పెరడు. కొడుకు రాజ్ కిరణ్‌కు ఇద్దరు పిల్లలు. ఉన్న రెండు గదుల్లో ఒకరి కాళ్ళ మీద ఒకరు పడుకుంటున్నారు. మేడ వెయ్యాలి. మేడకు డబ్బు పెరట్లో తప్ప ఎక్కడా లేదు. పెరడు అమ్మారు. దానికి అన్నమ్మ సిగ్గుపడలేదు. దేవుడి ముందైనా చెప్పుకోగలదు.

చెట్టు సంగతి వేరు.

పెరడు కొన్నది సుబ్రత మైతి అనే కుర్రవాడు. బ్యాంకులో గుమస్తా. కొత్తగా పెళ్ళయింది. అన్నమ్మను బెంగాలీ వాళ్ళ మర్యాదతో మాసీమా అని, పిన్నిగారూ అన్నట్టు, పిలుస్తాడు. వెనక సందులోంచి అతని దారి. కొలిచే మనిషి వచ్చి పెరట్లో మేకులు దిగేసిన రోజు అందరూ అక్కడే ఉన్నారు. మేకుల వరస చెట్టుకు అవతల పడింది. చెట్టు అన్నమ్మ వైపే మిగిలింది. ఇంటి గోడకూ ఆ మేకులకూ మధ్య ఇరుకు జాగా, ఆ జాగాకు నడిమధ్య చెట్టు.

మేడ కట్టే మేస్త్రీ అటూ ఇటూ నడిచి చూశాడు. "మెట్లు వెనక పెట్టాలంటే చెట్టు తియ్యాలి. ముందు పెడితే వరండా పోతుంది," అన్నాడు.

"ముందే పెట్టుకుందాం అమ్మా," అన్నాడు రాజ్ కిరణ్. "వరండా పోతే పోనీ. నీ కుర్సీ మేడ మీద ఏసుకో. గాలి బాగా వొస్తాది."

సుబ్రత తన వైపు నుంచి చెట్టు తలను చూస్తూ బెంగాలీలో అన్నాడు. "థాక్, మాసీమా. ఉండనివ్వండి. మట్టలు మా వైపు వాలినా నేనేమీ అనను. చలికాలంలో రసం తీయిస్తే నాకో గ్లాసు ఇద్దురు గానీ."

ఎవరూ ఆమెను బలవంతం చెయ్యలేదు. అదే ఇప్పుడు ఆమెను తినేస్తున్నది.

అన్నమ్మ తెరిచిన తలుపుల గుండా ఇంటి ముందువైపు చూసింది. వరండా, కుర్చీ, కుర్చీ అవతల వీధి. ఆస్పత్రి వార్డుల్లో వయసంతా నిలబడే గడిపింది. సాయంత్రం ఆ కుర్చీలో కూర్చుంటే పోయేవాళ్ళు పలకరిస్తారు. కూరగాయల బండివాడు ఆగుతాడు. సంఘం వాళ్ళు ఇటుగా వస్తే గేటు మీద చెయ్యి వేసి, బాగున్నారా అని అడిగి పోతారు. మేడ మీద కుర్చీ వేసుకుంటే ఎవరు తలెత్తి చూస్తారు?

"మెట్లు వెనకే పెట్టు," అంది మేస్త్రీతో.

"మరి చెట్టు?"

"తీసెయ్."

రాజ్ కిరణ్ తల్లిని చూశాడు. సుబ్రత మేకుకు కట్టిన తాడును చూశాడు.

చలికాలంలో కొట్టారు. రసం ఊరే కాలం. మాను పోయాక కూడా మొదలు నుంచి తియ్యటి నీరు ఊరుతూనే ఉంది. చీమలు బారులు కట్టాయి. అన్నమ్మ బియ్యం కడిగిన నీళ్ళు తెచ్చి ఆ మొదట్లోనే పోసింది, మేస్త్రీ కంకర తెచ్చి దాని మీద పోసేదాకా. పోసేరోజు ఆమె వరండాలో కూర్చోలేదు. ఆ తరువాత కూడా కుర్చీలో కూర్చుంటే నడుము ఎక్కడో పట్టేసినట్టుండేది. వీధిలో ఎవరైనా పలకరిస్తే మొదట ఉలిక్కిపడేది.

సంఘంలో చెప్పలేదు. వచ్చే ఆదివారం చెబుదాం అనుకుంది. ఆ ఆదివారం వచ్చింది. ఆరాధన అయ్యాక ఎవరో ఆమె భుజం మీద చెయ్యి వేసి, "మన మట్టలెలాగున్నాయి అన్నమ్మగారూ?" అని అడిగారు. "ఉన్నాయి," అంది. ఆ ఒక్కమాట అన్నాక మరో మాటకు దారి మూసుకుపోయింది.

మట్టల ఆదివారానికి ముందు శుక్రవారం జెఫ్రీ ఫోను చేశాడు. యువజనుల పెద్ద అతను. "రేపు మద్దేనం వొచ్చీస్తాం ఆంటీ. కత్తులు పదును పెట్టించినాం. మరమరాల్లో మిరగాయ తగ్గించండి, కిందటేడు సచ్చిపోనాం."

"రండి నాయనా," అంది అన్నమ్మ.

ఫోను పెట్టాక చాలాసేపు దాన్నే చూస్తూ కూర్చుంది. తిరిగి చేస్తే చెప్పొచ్చు. చెయ్యలేదు.

శనివారం ఉల్లిపాయలు తరిగింది. టింక్చరు సీసా తెచ్చి పెట్టింది. తాను ఏం చేస్తున్నదీ ఆమెకే తెలియదు. వినీల వంటింటి గుమ్మంలో నిలబడి అత్తను చూసి, చూపు తిప్పుకుంది.

గేటు దగ్గర సైకిలు బెల్లులు మోగాయి. "మట్టల అన్నమ్మగారూ, గాడిద పిల్లలం వొచ్చినాం!" అని జెఫ్రీ కేక వేశాడు. కుర్రాళ్ళు నవ్వారు. వాళ్ళ వెనక టోటో అనే బ్యాటరీ రిక్షా దిగుతూ సూసన్న కనిపించింది. సెటిల్‌మెంటులో అన్నమ్మ క్వార్టరు పక్క క్వార్టరు సూసన్నది. ఆమె కంటె పెద్దది. నోరు ఇంకా పెద్దది. ఈ ఏడు తానే ముళ్ళు చెక్కుతానని పంతం పట్టి వచ్చింది.

కుర్రాళ్ళు ఇంటి పక్కగా పెరట్లోకి వెళ్ళారు. నవ్వులు ఆగిపోయాయి.

"ఆంటీ," అన్నాడు జెఫ్రీ. "చెట్టేదీ?"

సూసన్న నిదానంగా వచ్చి మెట్లను చూసింది, గోడను చూసింది, పైన ఖాళీగా ఉన్న ఆకాశాన్ని చూసింది. "ఒలమ్మా! ఏటే ఇది? చెట్టేదే అన్నమ్మా? మెట్లు సూపించీసి టీ ఇచ్చి పంపించీద్దామనుకున్నావా?"

గోడ ఇంకా ఛాతీ ఎత్తే ఉంది. దానికి అవతల సుబ్రత పైపు పట్టుకుని కొత్త ఇటుకలకు నీళ్ళు పడుతున్నాడు. సెలవు రోజుల్లో వచ్చి తానే పట్టుకుంటాడు. వాళ్ళను చూసి నవ్వబోయాడు.

అన్నమ్మ గొంతు తగ్గించింది. తెలుగులోనే అంది. "యెనక జాగా ఆ అబ్బాయికి అమ్మినాం గదా అప్పా. ఆడు కొట్టించీసినాడు. నాను వొద్దన్నాను. ఇన్నేదు."

ఆ మాట నోట్లోంచి ఎంత సులువుగా వచ్చిందంటే, ఎన్నాళ్ళ నుంచో లోపల కూర్చుని ఉన్నట్టే వచ్చింది. గుమ్మంలో వినీల చేతిలోని గ్లాసులు ఒకదానికొకటి తగిలాయి.

సూసన్న గోడ దగ్గరికి నడిచింది. "ఏటి బాబూ," అంది, అతనికి అర్థం కాదని తెలిసీ తెలుగులోనే, కడుపులో ఉన్నది కక్కేయాలి కాబట్టి. "నీ సేతులు బాగున్నాయా? ఊరంతా రాళ్ళు పెట్టీసినారు. ఒక్క చెట్టు, ఒకే ఒక్కటి, అదీ మా దేవుడి పనికి. దాని నీడ నీ ఇంటి మీద పడితే నీ ఇల్లు నల్లబడిపోతాదా?"

"సూసన్నమ్మగారూ, ఊరుకోండి. ఆయనకేటి తెలుస్తాది?" అన్నాడు జెఫ్రీ.

సుబ్రత పైపు కింద పెట్టాడు. నీళ్ళు నేల మీద పారుతున్నాయి. అతను సూసన్నను కాదు, ఆమె భుజం మీదుగా అన్నమ్మను చూశాడు. తరువాత తెలుగులో అన్నాడు, సెటిల్‌మెంటు కుర్రాళ్ళ తెలుగులో:

"తెలుస్తాది అన్నా. అవును అమ్మమ్మా, నేనే కొట్టించినాను. తప్పైపోయింది."

కుర్రాళ్ళు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు.

"మా నాన్న లోకో షెడ్డులో పని చేసేవాడు," అన్నాడు సుబ్రత. "రైల్వే స్కూల్లో మీ పిల్లలతోనే చదివినాను. మాసీమా బాగా బెంగాలీ మాట్లాడతారు గదా, తెలుగు అవసరం పడ్లేదు." వంగి నీళ్ళు కట్టేశాడు. "మా మామగారి ఊళ్ళో, కేశియాడీ రోడ్డు వైపు, చెరువు గట్టంతా ఈతచెట్లే. ఇప్పుడు బయల్దేరితే సాయంత్రానికి తెచ్చుకోవచ్చు. నేను కూడా వొస్తాను."

అన్నమ్మ కాళ్ళ కింద మెట్టు చల్లగా ఉంది. నోరు తెరిచింది. కుర్రాళ్ళు అప్పటికే ఫోన్లు తీసి టోటో కోసం మాట్లాడుతున్నారు.

వాళ్ళు వెళ్ళాక సూసన్న వరండాలో, అన్నమ్మ కుర్చీలోనే కూర్చుని మరమరాలు తింది. "మనిషి మంచోడేనే," అంది. "తప్పు సేసినా ఒప్పుకున్నాడు. దిద్దుకుంటన్నాడు. ఈ రోజుల్లో ఎవులొప్పుకుంటారు సెప్పు? నువ్వు నిలబడిపోనావేటి, కూకో."

"పర్నేదప్పా," అంది అన్నమ్మ. నిలబడే ఉంది.

పొద్దు వాలుతుండగా టోటో నిండా మట్టలు వచ్చాయి. జెఫ్రీ దిగి వేళ్ళు చాపాడు. "వేయండి ఆంటీ మీ మందు. ఆ ఊరి ముళ్ళు మన ముళ్ళకంటే ఘోరం." అన్నమ్మ దూది తడిపి అద్దింది. "థాంక్స్ ఆంటీ," అన్నాడతను. దూది నుంచి టింక్చరు అతని చొక్కా మీద చుక్క పడింది. సుబ్రత వేళ్ళకూ ముళ్ళు గుచ్చుకునే ఉంటాయి. అతను వేలు చాపలేదు. వెనక సందులోంచి తన స్థలంలోకి వెళ్ళి, వదిలేసిన పైపు చుడుతున్నాడు.

అందరూ పోయాక అన్నమ్మ గోడ దగ్గరికి వెళ్ళింది.

"ఎందుకలాగన్నావు బాబూ?" అని అడిగింది. అతనితో ఆమె తెలుగులో మాట్లాడటం అదే మొదలు.

సుబ్రత ఇటుక మీద కారిన సిమెంటును గోటితో గీకాడు. మళ్ళీ బెంగాలీలోకే వెళ్ళిపోయాడు.

"థాక్, మాసీమా," అన్నాడు. "ఉండనివ్వండి."

చెట్టు గురించి కూడా ఇదే గొంతుతో అన్నాడు ఆ రోజు.

డ్యూటీ నుంచి వచ్చిన రాజ్ కిరణ్‌కు వినీల చెప్పినట్టుంది. అన్నం ముందు కూర్చుని చాలాసేపు కలుపుతూనే ఉన్నాడు. "నువ్వు సెప్పింది నిజమే అనుకుంటారు అందరూ," అన్నాడు చివరికి. "ఇంకో నాలుగేళ్ళకు మనం కూడా అలాగే అనుకుంటాం." తిట్టినా ఇంత గుచ్చుకునేది కాదు.

మర్నాడు ఉదయం అన్నమ్మ అందరికంటే ముందు లేచి బియ్యం కడిగింది. గిన్నె నడుముకు ఆనించుకుని పెరటి తలుపు నెట్టింది. నీళ్ళు మెట్టు మొదట్లో, కంకర కింద చెట్టు మొదలు ఉన్నచోట, చుట్టూ తిరగడానికి జాగా లేక ఒక్క పక్కనే పోసింది. గిన్నెను తట్టలేదు. తెల్ల చీర కట్టుకుని, టోటో ఎక్కి, ఓల్డ్ సెటిల్‌మెంటులో చర్చి గేటు దగ్గర దిగింది.

మట్టలు గేటు పక్కన కుప్పగా ఉన్నాయి. జెఫ్రీ వాటి మీద నీళ్ళు చల్లుతున్నాడు. "చెట్టు నేకపోతే ఏటి, పంచేది మాత్రం మీరే ఆంటీ," అని పక్కకు తొలిగాడు. జనం వరస కట్టారు. వరసలో మొదట సూసన్న, ఇస్త్రీ చీరలో, తల నున్నగా దువ్వుకుని.

అన్నమ్మ వంగి ఒక మట్ట తీసింది. మొదట్లో ముల్లు మిగిలిందేమోనని వేలితో తడిమి చూసింది. ఇచ్చింది. ఇస్తూ, వెనకవాళ్ళకు కూడా వినబడే గొంతుతో అంది:

"చెట్టు నానే కొట్టించినాను. ఆ అబ్బాయి ఉంచమన్నాడు. వరండా పోతాదని నానే కొట్టించినాను."

"ఏటే?" అంది సూసన్న.

అన్నమ్మ మళ్ళీ చెప్పింది, మొదటి మాట నుంచి చివరి మాట దాకా.

సూసన్న మట్ట పట్టుకుని అక్కడే నిలబడిపోయింది. పాట ఎత్తబోయినవాళ్ళెవరో మధ్యలో ఆపారు. వెనకనుంచి ఎవరో నడవండమ్మా అన్నారు, ఏమైందో తెలియక. సూసన్న పక్కకు జరిగింది. ఆమె వెనక కుట్టుమిషను అన్నమ్మ ఉంది. ఆమె చెయ్యి చాపాలా వద్దా అన్నట్టు సగం చాపింది.

అన్నమ్మ వంగి రెండో మట్ట తీసింది. ముల్లు కోసం తడిమింది. ఆమె చేతిలో పెడుతూ, అదే మాట మొదటి నుంచి చెప్పడం మొదలుపెట్టింది.